కుడేపు సక్రం

గెడ్డపేట ఐసు ఫ్యాక్ట్రీ కాడ పొద్దుగూకితే ఎవులూ ఆగరు. ఆగొద్దని ఎవులూ ఎవులికీ సెప్పక్కర్నేదు కూడాను. సైకిలోడు దిగడు, మోటారు సైకిలోడు ఆరను కొట్టడు, తట్టలెత్తుకున్న ఆడోళ్లు మెడలు ఇరిగిపోతన్నా అక్కడ తట్ట దింపరు.

ఎందుకంటే అక్కడ సప్పుడవుతాది.

పెద్ద సప్పుడేటి కాదు. కేకలు, ఏడుపులు, గజ్జెలు... అలాటివేటీ నేవు. ఒట్టి — టక్. కాసేపాగి మల్లీ — టక్. అంతే. ఇనుపసామానేదో ఎవులో తిప్పుతున్నట్టుంటాది. తరవాత గాలి, సరుగుడు తోట, సముద్రం.

నువ్వు నవ్వుతావని నాకు తెల్సు బాబూ. నవ్వుకో. టీ తాగుతా నవ్వుకో, సల్లారిపోతాది. నీ బస్సొచ్చీసరికి ఇంకా సేపున్నాది. ఆ గెడ్డపేట రోడ్డు మీద సీకటడితే ఒక్క మనిసి కానరాడేటని నువ్వే అడిగినావు గాబట్టి సెప్తన్నాను. నా మట్టుకు నాకు దెయ్యాల మీద నమ్మకం నేదు. నమ్మడానికి తీరికేదీ? తెల్లారగట్ల పొయ్యి ఎలిగిస్తే మల్లీ ఆర్పడం రేత్రికే. దెయ్యమొచ్చినా ఈ బల్ల మీద కూకోబెట్టి టీయా, కాఫీయా అని అడుగుతాను గానీ, బయపడీ ఓపిక నాకు నేదు.

ఇది నాను సూసింది కాదు. మా తమ్ముడు భాస్కర్ సెప్పింది. ఆడు అబద్దం ఆడడు. అబద్దం ఆడాలంటే దాన్ని గుర్తెట్టుకోవాల గదా, ఆడికంత శ్రద్ద నేదు.

తిత్లీ తుఫానుకి ముందు ఆ ఫ్యాక్ట్రీ బాగా నడిసీది. నరసన్నపేట గణపతిరావు గారిది. ఆరి కాడ ఒక పికప్పు బండుండీది. మామూలు బండికి ఎనక సక్రాలే తోస్తాయి. దీనికి ముందు సక్రాలు కూడా లాగుతాయి. మా రేవుకి కావల్సింది అదే. రోడ్డుకీ సముద్రానికీ మద్దినంతా ఇసకే ఉన్నాది. ఆటో దిగితే కూరుకుపోతాది, లారీ అయితే దిగనే దిగదు. ఆ పికప్పు ఒక్కటే ఇసకలోకి దిగి, పడవల కాడికెల్లి, సేపలెత్తుకుని పైకొచ్చీది. అది లేనప్పుడు ఆడోళ్ల నెత్తులే బళ్లు.

దాని డ్రైవరు దాలయ్య. పొడుగు మనిసి, మాట తక్కువ. ఆడి పెళ్లాం లక్ష్మణమ్మ సేపలు అమ్మీది. మొగుడి పక్కన బండిలో కూకుని తట్టలతో నరసన్నపేట ఎల్లీది, మల్లీ ఆ బండిలోనే వొచ్చీది. ఇద్దరూ ఇక్కడే, ఈ బల్ల మీదే టీ తాగీవోరు. ఆడు బిస్కట్టు ఇరిసి సగం ఆవిడకి ఇచ్చీవోడు. మాటలుండీవి కావు.

తుఫాను రేత్రి దాలయ్య ఆ బండిలోనే రేవు జనాన్ని సెల్టరుకి సేరేసినాడు. ఎల్లినాడు, వొచ్చినాడు, ఎల్లినాడు, వొచ్చినాడు. ఒక ట్రిప్పులో జనం ఎక్కువయిపోతే పెళ్లాన్ని దించీసినాడు. "నువ్వు దిగి నడిసెల్లు. ఇద్దరు ముసిలోళ్లు పడతారు" అన్నాడంట. ఆవిడ దిగి నడిసెల్లింది. ముసిలోళ్లని దించీసి ఆడు ఇంకో ట్రిప్పుకని ఎల్లినాడు...

మరి రానేదు.

తెల్లారి బండి దొరికింది. గెడ్డ సముద్రంలో కలిసీకాడ, ఇరుసు దాకా ఇసకలో దిగిపోయి. దాలయ్య దొరకలేదు. ఆ ఒడ్డూ ఈ ఒడ్డూ ఎతికినారు, ఒరిస్సా దాకా కబురెట్టినారు. దొరకలేదు. శవం సూడందే బొట్టు తియ్యనంది లక్ష్మణమ్మ. తియ్యమని గట్టిగా అడిగే దైర్నం ఎవులికున్నాది?

బండిని ప్రొక్లెయినుతో లాగి ఐసు ఫ్యాక్ట్రీ ఆవరణలో పడీసినారు. ఫ్యాక్ట్రీ రేకులు తుఫానుకే ఎగిరిపోనాయి, గణపతిరావు గారు మల్లీ తెరవలేదు. గోడలకి రావిమొక్కలు, తలుపులకి తుప్పు. కొన్నాళ్లకి సప్పుడు మొదలయింది. టక్... టక్. దాలయ్య బండి బాగుసేసుకుంటన్నాడని పేటంతా అనీసుకున్నారు. అప్పట్నుంచీ ఆ పక్క సీకటడితే ఎవులూ ఎల్లరు.

ఆ బండిని మా తమ్ముడు కొన్నాడు.

"ఒరే, నీకేటి పట్టిందిరా!" అన్నాను. తిట్టినాను. రెండ్రోజులు మాటాడ్డం మానేసినాను. ఉన్న ఆటో అమ్మీసి, తుప్పట్టిన దెయ్యాల బండిని తుక్కు లెక్కన కొన్నోడిని ఏటనాల?

నా మరదలు హేమ మాత్రం తిట్టలేదు. అంట్లు తోముతా ఒక్క మాటంది. "ఇంటికాడుంటాడు గదొదినా."

అదీ సంగతి. మా పేటలో మగోళ్లు సగం మంది గుజరాతు ఎల్లిపోతారు, వేరావలు బోట్ల మీద కూలికి. నెలల తరబడి నీళ్ల మీదే. మా తమ్ముడు ఎల్లొచ్చినాడు ఒకపాలి. వొచ్చినప్పుడు సూడాల మనిసిని... సెంపలు పీక్కుపోయి, ఏళ్ల సందులన్నీ ఉప్పుకి పాసిపోయి. గుమ్మంలో నిలబడితే ఆడి కూతురు తల్లి ఎనక్కెల్లి దాక్కుంది. "అమా, ఎవులో మావొచ్చినాడు" అంది. తండ్రిని పట్టుకుని మావ అంది! ఆడు నవ్వినాడు గానీ, ఆ రేత్రి ఇంటెనక కూకుని ఏడిసినాడని హేమ సెప్పింది.

ఈ యేడు మల్లీ బోట్లకి కూలోళ్లని తోలుకెల్లీ మేస్త్రీ వొచ్చినాడు. ఆసాడంలో రైలెక్కాల. ఈలోపు బండి ఇసకలో నడిసిందా, ఆడు రేవు సేపలు పైకి తోలుకుంటా ఇంటికాడుంటాడు. నడవలేదా, ఆటో కూడా నేదు గాబట్టి రైలే. ఇంకో దారి నేదు.

బాగుసెయ్యడానికి మంచి మెకానిక్కుని ఎట్టుకునే తాహతేదీ? ఇదిగో, నా కొట్టు పక్కన ఆటోలు బాగుసేసే త్రినాథ్ ఉన్నాడు గదా, ఆడిని బతిమాలినాడు. పెట్రోలు, మద్దేన్నం బువ్వ, వొచ్చినప్పుడల్లా ఇంటికిన్ని సేపలు, ఇదీ ఆడి కూలి. "ఇలాటి బండి నానెప్పుడూ ఇప్పలేదు బావా, సూద్దాం" అన్నాడు త్రినాథ్. ఆ సూద్దాంతోనే మొదలెట్టినారు.

అబ్బో, ఆ పని సెప్తే నాకే నీరసం వొస్తాది. ఒక నట్టు ఇప్పడానికి ఒక పూట. కిరసనాయిలు పోసి, సుత్తితో కొట్టి, దండం పెట్టి, తిట్టి... ఇప్పితే బోల్టు ఇరిగి సేతికొచ్చీది. ట్యాంకులో తుప్పు పోడానికి గులకరాళ్లేసి ఇద్దరూ సెరో పక్కా పట్టుకుని ఊపినారు, పసిగుంటని ఊపినట్టు. రేడియేటరు కారుతంటే పసుపేసినారు. మా ఇంట్లో కూరకి పసుపు నేదు గానీ రేడియేటరుకున్నాది! క్లచ్చి పలకలు విజయనగరంలో పాత సామాన్ల కొట్లో దొరికినాయి. ముందు ఇరుసు సామాను కోసం గరివిడి ఎల్లినారు, మైనుల్లో తిరిగి మూలపడ్డ బండొకటి అక్కడ ఇప్పతన్నారని ఎవులో సెప్తే. బస్సులో ఆ ఇనుముని ఒళ్లో ఎట్టుకుని వొచ్చినాడు నా తమ్ముడు. కండక్టరు దానికీ టిక్కట్టు కొట్టినాడు.

సాయంత్రానికి ఇంటికొచ్చి గోడకి సేరగిలబడిపోయీవోడు. అన్నం కలిపీ ఓపిక నేక, హేమ ముద్దలు సేసి ఎడితే నమిలీవోడు. నములుతానే నిద్దరపోయీవోడు.

ఒక సంగతి ఇక్కడ సెప్పాల. ముందు రెండు సక్రాలకీ నడిమద్దిన, దాలయ్య లారీ ట్యూబు ముక్క టోపీలాగ తొడిగి, తారు పూసి, వలదారంతో కట్టి ఉంచినాడు. మా పేటోళ్ల అలవాటది. ఉప్పుగాలికి ఏ ఇనుమునీ ఊరికే ఒగ్గరు. పడవ ఇంజినైనా, లంగరు గొలుసైనా, ట్యూబు సుట్టి తారు పూసీడమే. మా తమ్ముడు అవి పుట్టిన కాడ్నుంచీ సూస్తన్నాడు గాబట్టి అదేదో ఇప్పాలని ఆడికి తోసలేదు. త్రినాథ్ రోడ్డు మీద మెకానిక్కు. "లోపల బేరింగు ఉంటాది బావా. కప్పినోడు మంచిగా కప్పినాడు. ముట్టుకుంటే ఇసక పడతాది, ఒగ్గీ" అన్నాడు.

ఒగ్గీసినారు.

పొద్దుండగా పని మానేసి వొచ్చీవోరు ఇద్దరూ. ఒక్కనాడు మాత్రం మా తమ్ముడు నట్లిప్పీ పానాలు అక్కడ మర్సిపోయి, మసక సీకట్లో ఒక్కడూ ఎనక్కెల్లినాడు. గేటు కాడుండగానే ఇనబడింది.

టక్...

బండి అల్లంత దూరాన ఉన్నాది. దాని పక్కన ఏదో ఉన్నాదో నేదో... సీకటి. ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. ఎంతసేపో.

— టక్.

పానాలూ నేదు, గీనాలూ నేదు. సెప్పులొగ్గీసి పరిగెట్టినాడు. ఇంటికాడ అడిగితే కుక్క తరిమిందన్నాడు. అక్కని గాబట్టి నాకు మాత్రం సెప్పినాడు. "అప్పా, బండి ఆడిదేనే. ఆడు ఒగ్గడు" అన్నాడు. "ఒగ్గకపోతే ఆడినే బాగుసేసుకోమను. నీకు కూలి మిగుల్తాది" అన్నాను నాను. ఏటి సెప్పమంటావు, ఆడి మొకం సూస్తే నాకు బయమేసింది.

రైలుకి ముందురోజు ఇంజిను పలికింది.

వాయుగుండమని పడవలు ఒడ్డునే ఉన్నాయి అప్పుడు. ఉమాశంకర్ పడవలోంచి బ్యాటరీ అడిగి తెచ్చి ఎట్టినారు. తెల్లారగట్ల పడవలు ఎల్తాయి, ఈలోపు తిరిగిచ్చీయాల. తాళం తిప్పితే దగ్గింది, తుమ్మింది, నల్లపొగ కక్కింది... పలికీసింది! త్రినాథ్ ఎగిరినాడంట. గేటు దాటించి ఇసకలోకి దింపినారు. బండి నాలుగు బారలు ఎల్లింది. ఎనక సక్రాలు తిరగడం మొదలెట్టినాయి, తవ్వడం మొదలెట్టినాయి. నాలుగు సక్రాల లీవరు లాగినారు. ముందు సక్రాలు కదలలేదు. మల్లీ లాగినారు. ఎనకది ఇంకా దిగింది. ముందుది బొమ్మలాగ నిలబడింది.

త్రినాథ్ బండి కింద దూరి, సానాసేపటికి బయటికొచ్చినాడు. సేతులు ప్యాంటుకి తుడుసుకున్నాడు. "నాలుగు సక్రాలకి పంచీ పెట్టి పోనాది బావా. దాని సామాను మనవల్ల కాదు" అన్నాడు. ఆడి మొకంలోకి సూడకుండా అన్నాడు.

మా తమ్ముడు మేస్త్రీకి ఫోను సేసి, రైలుకొస్తానని సెప్పీసినాడు. ఇంటికెల్తే హేమ అప్పటికే సంచీ సర్దతన్నాది. లుంగీలు, తువ్వాలు, జ్వరం బిళ్లలు. కూతురు ఆ సంచీ మీద కూకుంది, లెగను పొమ్మంది. ఆ గుంటని ఎత్తి పక్కనెట్టడానికి ఇద్దరిలో ఎవులికీ సేతులు రాలేదంట.

అప్పుడు గుర్తొచ్చింది — బ్యాటరీ.

సీకటడిపోనాది. వానమబ్బు. అయినా ఎల్లక తప్పదు, పడవోడి బ్యాటరీ. "బయమెయ్యలేదేట్రా" అనడిగినాను తరవాత. "ఓపికుంటే గదప్పా బయమెయ్యడానికి" అన్నాడు. నా తమ్ముడే ఆడు.

బండి గేటు ముందు ఇసకలో అలగే కూరుకుని ఉన్నాది. ఆడు తలుపు తీసి డ్రైవరు సీట్లో కూకున్నాడు. ఒక్క నిమిసం కూకుని లెగుద్దామనుకున్నాడు. స్టీరింగు మీద తలానించినాడు. నెలల తరబడి పనంతా ఒక్కపాలి మీద పడిపోనాది. ఏడవడానికి కూడా బలం నేదు. అలగే ఉండిపోనాడు.

సముద్రం ఇనబడతన్నాది. సరుగుడు తోటలో గాలి.

ఎడమేపు ముందు సక్రం కాడ... ఇసక నలిగింది.

ఎవులో కూకున్నట్టు.

తల ఎత్తలేదు ఆడు. ఎత్తలేకపోనాడు. ఫోను జేబులో ఉన్నాది, సెయ్యి జేబు దాకా ఎల్లడం నేదు. రబ్బరు లాగిన సప్పుడు. తరవాత —

టక్.

బండిలోంచి ఒంట్లోకి వొచ్చింది ఆ సప్పుడు. సీటు కింద తెలిసింది.

అంతలో కుడేపు... తన మోకాలి కాడే, తలుపవతల...

టక్.

అప్పుడు సూసినాడు. కుడేపు కిటికీలోంచి కిందకి సూసినాడు. ఇసక. సక్రం. ఎవులూ నేరు. మెల్లిగా తల ఎడమేపు తిప్పినాడు. ఎడమేపు అద్దం అవతల తెల్లటిదేదో లెగస్తన్నాది... లెగిసింది... ముసుగులోంచి గుసగుసగా, సానా మెత్తగా...

"వొచ్చీసినావా?"

ఆడు కుడేపు తలుపుకి అతుక్కుపోనాడు.

"తిప్పీసినాను. పోనీ."

ఎందుకు సేసినాడో ఆడికే తెల్దు. పొమ్మంది గదా, పోవాలనిపించిందంట, ఎక్కడికైనా. సెయ్యి తాళం తిప్పీసింది. ఇంజిను పలికింది. గేరేసినాడు. లీవరు మద్దేన్నం లాగింది లాగినట్టే ఉన్నాది. క్లచ్చి ఒగ్గీసరికి బండి ఒణికింది, మూలిగింది... ముందు సక్రాలు ఇసకని పట్టుకుని లాగినాయి. కూరుకున్న బండి గోతిలోంచి లెగిసి, ఎక్కి, గట్టు మీద నిలబడింది.

నిలబడిపోనాది. ఇసకలో నడిసింది బండి! లైట్లు ఏసినాడు.

బండెంట పరిగెట్టుకొచ్చి ఎదర నిలబడింది — ఎలిసి తెల్లబడ్డ కోకలో లక్ష్మణమ్మ.

సేతులకి తారు, నుదుట బొట్టు. లైట్ల ఎలుగులో కళ్లకి సెయ్యి అడ్డం ఎట్టుకుని డ్రైవరు సీటు కేసే సూస్తన్నాది. మొకమంతా నవ్వు. మా తమ్ముడు తలుపు తీసుకుని దిగి ఎదరకొచ్చినాడు. ఎలుగు ఆడి మొకం మీద పడింది. ఆ నవ్వు అలగే ఆగి... పోనాది.

"భాస్కరా..." అంది. "నువ్వేట్రా?"

అని ఇసకలో కూలబడిపోయింది.

ఆడు పక్కన కూకున్నాడు. ఆవిడే మొదలెట్టింది. గుసగుసగానే. ఇసక మొదల్లో దాలయ్య బండి ఆపీవోడంట. ఆవిడ ఎడమేపు దిగి ఆ ట్యూబు టోపీ ఎత్తి, లోపలున్న మర తిప్పీది. ఆడు కుడేపు దిగి కుడేపుది తిప్పీవోడు. అప్పుడు ఇసకలోకి దిగీవోరు. రోడ్డెక్కేక మల్లీ ఇద్దరూ దిగి ఎనక్కి తిప్పీవోరు. అదెందుకో ఆవిడకి తెల్దు. తిప్పమన్నాడు, తిప్పీది. అంతే.

"ఆ రేత్రి నన్ను దించీసినాడు గదరా," అంది. "ఎడమేపు ఎవులు తిప్పినారో మరి..."

సేతులకున్న తారుని ఇసకతో రుద్దుకుంటా మల్లీ అంది.

"తిప్పుంచితే వొస్తాడేమోనని వొస్తాను. తిప్పి, కూకుంటాను. రాకపోతే ఎనక్కి తిప్పీసి ఎల్లిపోతాను. ఇయ్యాల సూస్తే బండి బయటుంది. సీట్లో మగమనిసి... వొచ్చీసినాడనుకున్నాన్రా."

అదీ ఇన్నేళ్ల దెయ్యం. ఊరంతా పరుగులెట్టి తప్పించుకుంది లక్ష్మణమ్మ నుంచే. ఆవిడకి ఆ సంగతి తెలిసినా తెలియనట్టే ఊరుకుంది, ఎవులూ అడ్డం రారని.

రైలు మా తమ్ముడు లేకుండానే ఎల్లిపోనాది. బండి ఇంటి ముందు ఆగీసరికి హేమ సంచీలోంచి లుంగీలు బయటికి తీసి దండెం మీద ఏసీసిందంట, తడిసినవేటి కాదు అవి. కూతురైతే బండెక్కి కూకుని దిగను పొమ్మంది.

తెల్లారి త్రినాథ్ వొచ్చి ట్యూబులు ఇప్పీసి సూసినాడు. నెత్తి కొట్టుకున్నాడు. ముందు సక్రం ఒక్కోదానికి ఒక్కో మర ఉన్నాది. రెండూ తిప్పితేనే ముందు సక్రాలు లాగుతాయంట. ఒక్కటే తిప్పితే ఆ బలమంతా రెండోదాంట్లోంచి ఒట్టినే పోతాది. "మరి కుడేపు ఎవులు తిప్పినారప్పా?" అని లక్ష్మణమ్మని అడిగినాడు.

"నాను ఎడమేపే" అంది ఆవిడ. "కుడేపు ముట్టుకోనీవోడు కాదు. అది డ్రైవరుది."

త్రినాథ్ కుడేపు సక్రం ముందు కూకుని సానాసేపు ఆలోసించినాడు. తరవాత మెల్లిగా, ఆవిడకి ఇనబడకుండా సెప్పినాడు మా తమ్ముడికి. "తుఫాను రేత్రి కుడేపుది దిగి తిప్పుకున్నాడు బావా. అటు తిరిగొచ్చి ఎడమేపుది తిప్పీలోపే నీళ్లొచ్చీసినాయి. కుడేపుది అప్పట్నుంచీ అలగే ఉండిపోనాది. మనకి లాగకపోడానికి ఎడమేపుదే కారణం. రేత్రి ఆవిడ తిప్పింది, లాగింది."

సరిపోనాది గదా? రెండు సప్పుళ్లు కూడా ఆవిడయే, తిప్పినప్పుడొకటి, ఎనక్కి తిప్పినప్పుడొకటి. దెయ్యం నేదు, గియ్యం నేదు. త్రినాథ్ టీ తాగుతా ఇక్కడ అందరికీ సెప్పినాడు. అందరూ అయ్యో అన్నారు.

మా తమ్ముడొక్కడు నన్ను పొయ్యి కాడికి పిలిసి అడిగినాడు. ఆ రేత్రి ఆవిడ ఎనక్కి తిప్పలేదు గదా. ఎడమేపు నించునే ఉన్నాది గదా. తన మోకాలి కాడ పలికిందేటి?

"నీ బయమేరా" అన్నాను నాను. మరేటంటాను?

ఇప్పుడు బండి బాగానే తిరుగుతన్నాది. ఆడు ఇంటికాడే ఉన్నాడు. లక్ష్మణమ్మ తట్టలతో ముందు సీట్లోనే వొస్తాది, టీకి ఆగుతారు. ఊరోళ్లు మాత్రం ఐసు ఫ్యాక్ట్రీ కాడ సీకటడితే ఇప్పటికీ ఆగరు. దెయ్యమెవులో తెలిసేక కూడా ఎందుకాగరని అడిగితే, అలవాటంటారు. నానూ అలగే అనుకున్నాను.

మొన్న సేపల కోసం నాను కూడా రేవుకి బయల్దేరినాను ఆ బండిలో. ఇక్కడే, ఈ కొట్టు ముందు మా తమ్ముడు దిగి కుడేపు సక్రం కాడ కూకున్నాడు. తారు రోడ్డు మీద మర ఎనక్కి తిప్పుండాలని, లేకపోతే లోపల పళ్లు ఇరుగుతాయని త్రినాథ్ పీకిపీకి సెప్తాడు. ఎనక్కి తిప్పి, ట్యూబు తొడిగి, సేతులు దులుపుకుని ఎక్కినాడు. నా కళ్లతో సూసినాను నాను.

ఇసక మొదల్లో బండాపినాడు. పొద్దుగూకతన్నాది. లక్ష్మణమ్మ నన్ను దాటుకుని ఎడమేపు దిగింది, వొంగింది. టక్ మంది.

మా తమ్ముడు కదల్లేదు. రెండు సేతులూ స్టీరింగు మీద ఎట్టుకుని ఎదరకే సూస్తన్నాడు.

"నీయేపు దిగి తిప్పవేట్రా?" అన్నాను.

"ఉండప్పా," అన్నాడు సిన్నగా. "డ్రైవరు దిగినాడు."

లక్ష్మణమ్మ ఎక్కి తలుపేసుకుంది. తట్టలోంచి బిస్కట్టు తీసి, ఇరిసి, సగం ఒళ్లో ఎట్టుకుంది.

బండి ఇసకలోకి దిగి, ఎక్కడా ఆగకుండా ఎల్లిపోనాది.